కండక్టరు కట్టిన గోడ

మా మామయ్యకి రెండు ఉద్యోగాలు. ఒకటి బస్సులో కండక్టరు. దానికి నెల నెలా జీతం ఇస్తారు. రెండోది రాళ్ళు పేర్చడం. దానికి మా అత్తయ్య రోజూ తిట్లు ఇస్తుంది. ఆయన మాత్రం రెండోదే అసలు ఉద్యోగం అనుకుంటాడు.

మనిషి పొట్టి, గట్టి. బస్సు ఎంత కుదిపినా కడ్డీ పట్టుకోకుండా నిలబడి టిక్కెట్లు కొడతాడు. నేల మీద నడిచేటప్పుడే కాస్త ఊగుతాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు మరి, కాళ్ళ కింద నేల కదలకపోతే ఆయనకి తోచదు.

ఆయనకి ఇద్దరు స్నేహితులు. ఒకరు టైలరమ్మ. బజారు మలుపులో ఒక గది, గదిలో ఒక మిషను, ఆమె మెళ్ళో ఒక టేపు. ఆ టేపు తీసేసి వీధిలోకొస్తే సొంత కూతురు కూడా గుర్తుపట్టదు. రెండోవాడు పాలాయన. ఇంటింటికీ పాలు పోసి, బదులుగా కబుర్లు పట్టుకొస్తాడు. పాలల్లో నీళ్ళు కలపడు గానీ కబుర్లలో కలుపుతాడు. ఆయనా మామయ్యా చిన్నప్పుడు బళ్ళో ఒకే బల్ల మీద కూర్చుని, ఒకే ఏడాది తప్పారు.

ఈ ముగ్గురికీ సరదా అంటే పనే. లోకంలో ఎవరైనా ఆదివారం కాళ్ళు చాపుకుని పడుకుంటారు. వీళ్ళు ఒకరింటికి ఒకరు పోయి కోళ్ళగూడు బాగుచేస్తారు, కొడవళ్ళు నూరతారు, కట్టెలు కొట్టి పేరుస్తారు. వారానికొక ఇల్లు. నియమాలు రెండు. పని ఎవరింట్లో జరుగుతుంటే వాళ్ళు పనిలో చెయ్యి పెట్టకూడదు, టీ పొయ్యాలి, అంతే. ఇక రెండోది, ఒకరి పని మీద ఇంకొకరు నోరెత్తకూడదు. అది పెట్టింది టైలరమ్మ. పాలాయన కోసమే పెట్టిందని అందరికీ తెలుసు, పాలాయనకి తప్ప.

"మనింట్లో కుళాయి ఆర్నెల్లుగా కారుతోంది. అది మీ కంటికి ఆనదా?" అంటుంది అత్తయ్య.

"మనింటి వంతు రానీ," అంటాడు మామయ్య చెప్పులేసుకుంటూ.

ఈ జట్టులో నాలుగోవాణ్ణి నేను. ఎవరూ పిలవలేదు, నేనే వెళ్ళాను. సెల్‌ఫోన్లు విప్పి బిగించడం నాకు నేనే నేర్చుకుని చిన్న కొట్టు పెట్టుకున్నాను. ఆదివారం కొట్టు మూసేస్తే చేతులు దురద పెడతాయి. చేతులు ఊరుకుంటే బుర్ర కోతి పనులు మొదలెడుతుంది. దానికి వీళ్ళకంటే మంచి జనం నాకు ఇంకెక్కడ దొరుకుతారు?

రాళ్ళ పిచ్చి పట్టింది పాలాయన కొట్టం వెనక. అక్కడ పాత గోడ ఒకటి సగం కూలి ఉండేది. సిమెంటు లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి పేర్చిన గోడ. దాన్ని బాగుచేద్దామని మామయ్య మిగిలిన సగం కూడా విప్పేశాడు, ఎలా కట్టారో చూద్దామని. మళ్ళీ కట్టాడు, పడింది. ఇంకోసారి కట్టాడు, ఈసారి పాలాయన పాదం మీద పడింది. మూడోసారి నిలబడింది. ఆ రోజు నుంచి మామయ్యకి రాయి కనిపిస్తే ప్రయాణికుడు కనిపించినట్టే.

ఆయన పద్ధతి కూడా బస్సు పద్ధతే. చేతిలోకి తీసుకున్న రాయిని మళ్ళీ కింద పెట్టడు. దానికి ఎక్కడో చోట సీటు చూపించాల్సిందే. "ఎక్కించుకున్నవాణ్ణి దారి మధ్యలో దింపుతామా?" అంటాడు. సందుల్లో దూర్చే చిన్న చిన్న ముక్కలకి ఆయన పెట్టిన పేరు చిల్లర. "చిల్లర లేనిదే బండి నడవదు" అని రోజుకి పదిసార్లు అంటాడు, పదిసార్లూ తనే నవ్వుతాడు.

ఆ పద్ధతి చూసి నేనూరుకుంటానా? ఒకరోజు వాగులోంచి బంతిలాంటి రాయి వెతికి తెచ్చాను. ఎటు తిప్పినా గుండ్రమే. ఏ గోడలోనూ ఇమడదు.

"మామయ్యా, ఇది పట్టుకో."

చూడకుండా అందుకున్నాడు. తర్వాత రాయిని చూశాడు, నన్ను చూశాడు. "వీడెక్కడ ఎక్కాడ్రా?"

"వాగు దగ్గర."

"దింపెయ్ రా కండక్టరూ, టిక్కెట్టు లేని మొహంలా ఉంది," అన్నాడు పాలాయన.

దింపలేదు. దాన్ని చంకలో పెట్టుకునే మిగతా గోడంతా తిరిగాడు. టీ తాగేటప్పుడు ఒళ్ళో పెట్టుకున్నాడు. మిట్టమధ్యాహ్నానికి మూడు రాళ్ళ మధ్య గూడులాంటి చోటు చేసి, చుట్టూ చిల్లర దట్టించి కూర్చోబెట్టాడు. నేను రెండు చేతులా లాగినా కదల్లేదు. అప్పుడు తీరిగ్గా నా వైపు తిరిగి, "ఇక నీ సంగతి. ఏదీ, ఆ చెవి ఇలా తీసుకురా," అన్నాడు.

బడి గోడ సంగతి అలాంటి రోజుల్లోనే వచ్చింది.

బడి పిల్లల కూరగాయల తోట బస్సు వెళ్ళే బాట పక్కనే ఉంటుంది. మూడు వైపులా దట్టమైన ముళ్ళకంచె, బాట వైపు మాత్రం ఇటుక గోడ. వానలకి ఆ గోడ కూలింది. పిల్లలు ముల్లంగి వేస్తే మేకలు భోంచేశాయి, టమాటాలు వేస్తే మళ్ళీ వచ్చాయి. సిమెంటు గోడ కడతామని మండలాఫీసువాళ్ళు కొలతలు తీసుకుపోయారు. ఆ సంగతి హెడ్ మేడం బస్సులో ఎవరితోనో చెబుతుంటే మామయ్య చెవిన పడింది.

"మేం కడతాం మేడం. రాళ్ళతో."

"కండక్టర్ గారూ, ముందు నా చిల్లర ఇవ్వండి. గోడ తర్వాత ఇద్దురు," అందట ఆవిడ.

మామయ్య చిల్లరా ఇచ్చాడు, పట్టూ విడవలేదు. రోజూ ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి గోడ మాట ఎత్తాడు. విసుగొచ్చి ఆవిడ ఆఫీసు ఇంజినీరుతో మాట్లాడింది. ఆయన ఒక్కటే అన్నాడు: "బడి సెలవులు అయ్యేలోపు కట్టుకోమనండి. వచ్చి చూస్తాను. నిలిచేదైతే ఉంచుతాను. లేకపోతే బుల్డోజరు పెట్టి తీయించి సిమెంటుది కట్టిస్తాను."

ఇన్నాళ్ళూ మామయ్య గోడల్ని కోళ్ళూ ఆవులూ తప్ప చూసినవాళ్ళు లేరు. అన్నీ స్నేహితుల పెరళ్ళలోవే. ఇది అందరూ చూసే గోడ. ఆయన బస్సు రోజుకి ఆరుసార్లు అటే తిరుగుతుంది. గోడ పోతే ఆ ఖాళీ జాగా పక్కనుంచి రోజుకి ఆరుసార్లు వెళ్ళాలి, బస్సునిండా జనంతో. ఆ జనం అప్పటికే దానికి టైంపాస్ గోడ అని పేరు పెట్టేశారు. మామయ్య ఏళ్ళ తరబడి వాడుకోని సెలవులన్నీ ఒక్కసారే పెట్టేశాడు.

మేము రెండు జట్లయ్యాం. మామయ్యా నేనూ బాట వైపు నిలబడి కుడి చివర నుంచి, టైలరమ్మా పాలాయనా తోట వైపు నిలబడి అవతలి చివర నుంచి. మధ్యలో కలుసుకోవాలి. టైలరమ్మ దారం చివర కత్తెర కట్టి వేలాడదీసి, గోడ నిట్టనిలువుగా వస్తోందో లేదో చూసేది. వాళ్ళు ముందుంటే మామయ్యకి అన్నం సయించేది కాదు. మేము ముందుంటే పాలాయన ఆవుల్ని కూడా తొందరగా పితికేసి వచ్చేవాడు.

ఇంజినీరు వస్తానన్న రోజు పొద్దున్నే రెండు చివర్లూ కలిశాయి. పై వరసలో ఆఖరి రాయి మామయ్య పెట్టాడు. అరచేత్తో తట్టాడు. గోడ బిడ్డ వీపులా పలికింది. అప్పుడే బాట మలుపులో జీపు దుమ్ము కనిపించింది.

గోడ అవతల నుంచి టైలరమ్మ పిలిచింది. "అన్నయ్యా."

"ఏమ్మా?"

"మేం బయటికి ఎలా రావాలి?"

మామయ్య గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. ముళ్ళకంచెలో పిట్ట ఒకటి కూసింది.

"గేటుకి చోటు మీరు వదుల్తారనుకున్నాంగా!" అన్నాడు మామయ్య.

"మేం మీరు వదుల్తారనుకున్నాం!"

పాలాయన తల గోడ మీంచి పైకి లేచింది. "నేను నాలుగు రోజులుగా చూస్తూనే ఉన్నాన్రా. వీళ్ళేంటి, గేటు సంగతే ఎత్తరు అనుకున్నా. మరి నియమం కదా, నోరు మూసుకున్నా."

"పుట్టాక ఒక్కసారి నోరు మూసుకున్నావు. దానికి ఈ గోడే దొరికిందీ?" అన్నాడు మామయ్య.

జీపు వచ్చేస్తోంది. నేను మామయ్య చెవిలో ఊదాను. "మామయ్యా, ఇది మన ప్లానే అని చెప్దాం. మేకలు రాకుండా గేటు మానేశాం, ఎక్కడానికి మెట్లు పెడతాం అందాం. నేను చెప్తానుండు." అబద్ధం అప్పటికే నా నోట్లో వేడివేడిగా తయారుగా ఉంది.

ఆయన నా మాట వినిపించుకోలేదు. చేతులు దులుపుకుని ఎదురు వెళ్ళాడు. ఇంజినీరు దిగీ దిగగానే, "గేటు మరిచిపోయాం సార్," అన్నాడు.

ఇంజినీరు గోడ ఆ చివర నుంచి ఈ చివరి దాకా చూశాడు. పాలాయన తల చూశాడు. "ఆయన్ని కూడా గోడలో కలిపి కట్టేశారా?" అని నడుం పట్టుకుని నవ్వాడు. హెడ్ మేడం నవ్వు ఆపుకోడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ముందు మమ్మల్ని బయటికి తీయించి తర్వాత నవ్వండి సార్," అంది లోపల్నుంచి టైలరమ్మ. "ఒంటిగంటకి కొలతలివ్వడానికి నా దగ్గరికి మనిషొస్తుంది."

ఇంజినీరు గోడని భుజంతో నెట్టాడు. కాలితో తన్నాడు. తల ఊపాడు. "బాగానే బిగించారు. కానీ ఇప్పుడు మధ్యలో తెరవాలి కదా. పట్టి ఉంచడానికి లోపల ఏమీ లేదు. నాలుగు రాళ్ళు లాగితే అటూ ఇటూ మొత్తం జారుకుంటూ వచ్చేస్తుంది. నేను నిలబడి చూడక్కర్లేదు, బుల్డోజరుకి రాసేస్తా."

"తెరుస్తా సార్," అన్నాడు మామయ్య. "నేను తీసింది కాక ఇంకొక్క రాయి జారినా అప్పుడే రాసుకోండి."

గోడకి సరిగ్గా మధ్య చోటు చూసుకున్నాడు. పై వరస రాయి మీద రెండు చేతులూ వేశాడు. ఆ చేతులు అక్కడే ఆగిపోయాయి. ఆయన మొహం నాకొక్కడికే కనిపిస్తోంది. ఇన్నేళ్ళలో కూర్చోబెట్టిన రాయిని లేపింది లేదు ఆయన. "లేరా నాయనా," అన్నాడు దానితో, నాకు మాత్రం వినపడేలా. లేపాడు.

పై వరస వెడల్పుగా విప్పాడు. దాని కింద వరస కొంచెం తక్కువ, దాని కింద ఇంకొంచెం తక్కువ. ఆయన ప్రతి రాయినీ కింద రెండు రాళ్ళ మీద కూర్చోబెట్టాడు కాబట్టి రెండు పక్కలా గోడ మెట్లు మెట్లుగా ఆగుతోంది. నేను రాళ్ళందుకుని వరస తప్పకుండా నేల మీద పరుస్తున్నాను. బాట మీద జనం పోగయ్యారు. టైంపాస్ అన్నవాళ్ళంతా ముందు వరసలోనే ఉన్నారు.

టక్‌మని ఏదో రాలింది. ఇంజినీరు పెన్ను లేచింది.

"అది చిల్లర సార్," అన్నాడు మామయ్య వెనక్కి తిరక్కుండానే.

పెన్ను దిగింది.

నేల దాకా తెరిచాక లోపలివాళ్ళిద్దరూ బయటికొచ్చారు. పాలాయన జైలు నుంచి విడుదలైనట్టు ఆకాశం వైపు చూసి ఒళ్ళు విరిచాడు. రెండు పక్కలా గోడ మెట్లు కట్టినట్టు నిలబడే ఉంది. మామయ్య మాత్రం ఆగలేదు. ఆ రెండు అంచుల్నీ నిలువుగా కట్టడం మొదలుపెట్టాడు. ఒక పొడుగు రాయి గోడ లోపలికి దూరేలా, దాని పైది గోడకి అడ్డంగా, మళ్ళీ ఒకటి లోపలికి. టైలరమ్మ కత్తెర వేలాడదీసి "కొంచెం లోపలికి అన్నయ్యా" అంటే, ఆ రోజు ఎవరికీ నియమం గుర్తు రాలేదు.

పది నిమిషాలు చూసిపోదామని వచ్చిన ఇంజినీరు రెండు గంటలు ఉన్నాడు. చొక్కా చేతులు మడిచాడు. "ఇది సరిపోతుందేమో చూడండి," అని ఒక రాయి ఎత్తాడు. కాదనుకుని కింద పెట్టబోయాడు.

"దించకండి!" అని నలుగురం ఒక్కసారే అరిచాం.

పాపం, ఆయన బిక్కచచ్చిపోయి ఆ రాయి పొట్టకి ఆనించుకుని నిలబడ్డాడు, మామయ్య దానికి చోటు చూపించేదాకా.

రెండు అంచులూ పైకొచ్చాయి. ఇంజినీరు మళ్ళీ భుజం ఆనించబోతే పాలాయన అడ్డుపడ్డాడు. "మీ భుజం చాలదు సార్. ఉండండి." పోయి తన పెద్దావుని తోలుకొచ్చాడు. దానికి మెడ దురద. ఎక్కడ కొత్త మూల కనిపించినా వదలదు. వచ్చీ రాగానే కుడి అంచుకి మెడ ఆనించి, బరువంతా వేసి, కళ్ళు మూసుకుని రుద్దింది. రుద్దుతూనే ఉంది. మామయ్య ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఆయన కాళ్ళు నేల మీద ఊగకుండా ఉండడం నేను మొదటిసారి చూశాను.

ఆవుకి దురద తీరింది. గోడ ఎక్కడిదక్కడే ఉంది.

ఇంజినీరు జీపు మీద కాగితం పెట్టి రాశాడు. "ఉంటుంది మేడం. గేటు తలుపు మాత్రం మేం పంపిస్తాం, అది వీళ్ళ మీద వదలొద్దు." తర్వాత పెన్ను ముందుకి చాపాడు. "మేస్త్రీ గారూ, ఇక్కడో సంతకం పెట్టండి."

మామయ్య వెనక్కి తిరిగి చూశాడు, ఎవర్ని పిలుస్తున్నాడా అని. వెనక ఆవు తప్ప ఎవరూ లేరు.

బడి తెరిచిన రోజు మధ్యాహ్నం నేను ఆయన బస్సులోనే ఉన్నాను. తోట దగ్గర స్టాపు లేదు. గోడ పక్కకి రాగానే మామయ్య విజిల్ ఊదాడు. బండి ఆగింది.

"ఎవరు దిగాలి?" అన్నాడు డ్రైవరు.

"ఎవరూ దిగరు. ఒక్క నిమిషం ఆపు."

"ఏముందయ్యా ఇక్కడ?" అంది కిటికీ పక్క ముసలామె.

"గోడుంది పెద్దమ్మా."

"ఓస్, గోడేనా!"

"గోడే. ఒకసారి చూడు."

ఆమె చూసింది. ఆమెని చూసి పక్కవాళ్ళు చూశారు. బస్సు మొత్తం ఎడమ వైపుకి ఒరిగింది. పిల్లలు నీళ్ళ డబ్బాలు మోసుకుంటూ గేటులోంచి వరసగా లోపలికి పోతున్నారు. బయట రెండు మేకలు నిలబడి గోడ పొడవు కొలుస్తున్నాయి.

"బాగా కట్టారే. ఎవరయ్యా కట్టింది?" అంది ముసలామె.

మామయ్య టిక్కెట్ల కట్ట తిరగేశాడు. ఆయన నోరు తెరిచేలోపు నేను వెనక సీట్లోంచి అరిచాను, "మా మామయ్యే!"

బస్సంతా ఆయన వైపు తిరిగింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఒరేయ్," అన్నాడు, "నీ టిక్కెట్టేది?" గట్టిగా విజిల్ ఊదాడు.