దేవదానం రెప్పలు కుట్టే ముందు

కరోనా రెండో వేవ్ తగ్గుముఖం పట్టిన ఏడాది, మార్కెట్లకు కొత్త పత్తి రావడం మొదలైన రోజుల్లో, వరంగల్‌లో నేను పనిచేస్తున్న ప్రభుత్వ ఆసుపత్రిలో నాకు కాల్ డ్యూటీ వేశారు. అప్పటికి నేను కంటి విభాగంలో అసోసియేట్ ప్రొఫెసర్ని. వేరే వార్డుల వాళ్లు "ఈ రోగి కన్ను ఎర్రబడింది, ఒకసారి చూడండి" అని కబురు పెడితే వెళ్లి చూసి, సలహా రాసి రావడమే కాల్ డ్యూటీ. నాకంటే బాగా చిన్న హోదా వాళ్లు చేసే పని అది. జూనియర్లు సెలవులో ఉండటంతో నా మెడకు చుట్టుకుంది. మిగతా డాక్టర్ల లెక్కలో కంటి డాక్టరంటే కళ్లద్దాల నంబరు రాసే మనిషి. ప్రాణం మీదికి వచ్చినవాళ్లు పడుకునే ఐసీయూలో మేం అడుగు పెడితే, మీకిక్కడేం పని అన్నట్టు చూస్తారు. ఆ చూపు నాకు సర్వీసంతా అలవాటే. అయినా ప్రతిసారీ ఒళ్లు మండేది.

ఆ రోజు కబురు ఐసీయూ నుంచే వచ్చింది. రోగి పేరు దేవదానం. నలభైకి దగ్గర పడ్డ మనిషి, కేసముద్రం మార్కెట్ యార్డు దగ్గర ట్రాలీ ఆటో నడుపుతాడు. కాళ్ల తిమ్మిరితో మొదలై, వారం తిరక్కుండా నడుము, చేతులు, ఛాతీ, చివరికి ముఖం కూడా చచ్చుబడ్డాయి. దీన్ని గులియన్ బారీ అంటారు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత నరాల మీదే దాడి చేసే జబ్బు. చాలామంది కోలుకుంటారు. నరాలు బాగుపడేదాకా మాత్రం కొందరికి వెంటిలేటరే ఊపిరి. ఇందులో స్పృహ పోదు. దేవదానానికి అన్నీ వినిపిస్తున్నాయి, సూది గుచ్చితే నొప్పి తెలుస్తోంది. చేయి కదపలేడు, గొంతులో గొట్టం ఉంది కాబట్టి మాట్లాడలేడు.

కళ్లు మాత్రం రెండూ తెరుచుకునే ఉన్నాయి. రెప్పను తెరిచే కండరం ఒకటి, మూసే కండరం ఇంకొకటి. వాటికి నరాలు కూడా వేర్వేరు. దేవదానానికి మూసే నరం పడిపోయింది, తెరిచేది మిగిలింది. కనుగుడ్డును తిప్పే కండరాలకు ఇంకో మూడు నరాలున్నాయి, అవి కూడా మిగిలాయి. అందువల్ల గడియ ఊడిన కిటికీలా పగలూ రాత్రీ అతని కళ్లు తెరిచే ఉంటున్నాయి.

దీంతో వచ్చే ప్రమాదం ఏమిటో చెప్పాలి. కనుగుడ్డు చుట్టూ ఎముకల గూడు ఉంటుంది. నుదుటి చెమట కంట్లో పడకుండా కనుబొమ పక్కకు మళ్లిస్తుంది. రెప్పవెంట్రుకలకు నలుసు తగిలిందంటే మనకు తెలిసేలోపే రెప్ప పడిపోతుంది. గుడ్డుకు ముందువైపు, గడియారం మీది అద్దంలా కాస్త ఉబ్బెత్తుగా ఉండే పారదర్శకమైన పొర కార్నియా. దానిలో రక్తనాళాలు ఉండవు, ఉంటే చూపుకు అడ్డమొస్తాయి. బయటి గాలి, కన్నీటి తడి, లోపలి నీరు, వీటి మీదే అది బతుకుతుంది. రెప్ప కొట్టిన ప్రతిసారీ ఆ తడిని దాని మీద పలచగా పూస్తుంది. రెప్ప అంచున ఉండే చిన్న గ్రంథులు కొద్దిగా నూనె వదిలి ఆ తడి ఆరకుండా చూస్తాయి. కంటికి రెప్పలా కాపాడటం అని అందరం అంటాం గాని, రెప్ప చేసే చాకిరీ ఎంతో అది ఆగిపోతే తప్ప తెలియదు. ఆగితే కార్నియా ఎండి పుండు పడుతుంది.

కంట్లో పసుపు రంగు వేసి నీలి లైటుతో చూస్తే కార్నియా చెదిరిన చోట ఆకుపచ్చగా మెరుస్తుంది. దేవదానం ఎడమ కంట్లో కింది భాగమంతా మెరిసింది. కుడి కంట్లో ఇంకా చుక్కలు చుక్కలుగానే ఉంది. పుండు అంచును గీరి ల్యాబుకు పంపాను. క్రిములేమీ లేవని వచ్చింది, అంతవరకు నయం. చుక్కల మందు, ఆయింట్‌మెంటు వేసి, రెండు రెప్పలూ మూసి టేపు అంటించమని రాశాను.

మర్నాడు వెళ్తే టేపు లేదు. నర్సు మీద అరిచాను. ఆమె మంచం పక్కనున్న మనిషిని చూపించి, వాళ్లావిడే పీకేస్తోంది మేడం, చెప్పినా వినట్లేదు అంది. మంచం పక్కన ఉన్నది దేవదానం భార్య కరుణ. రోగికి ధైర్యంగా ఉంటుందని ఐసీయూ వాళ్లు ఆమెను లోపల ఉండనిస్తున్నారు. ఎందుకు తీశావమ్మా అని గట్టిగానే అడిగాను.

ఆమె భర్త వైపు వంగింది. "ఏమయ్యా, కాలు గుంజుతాందా?"

దేవదానం కనుగుడ్లు పైకి వెళ్లాయి.

"కుడి కాలా?"

కిందికి దిగాయి. కరుణ ఎడమ కాలు కొద్దిగా మడిచి కింద దిండు పెట్టింది. పైకి చూస్తే అవును, కిందికి చూస్తే కాదు. వాళ్లిద్దరూ పెట్టుకున్న భాష అది.

"టేపు ఏసిన్రంటే మా ఆయన నోరు మూసినట్టే మేడం" అంది కరుణ.

సరే, నువ్వు పక్కన ఉన్నప్పుడు తెరువు, మిగతా సమయమంతా మూసి ఉంచు అన్నాను. మధ్యేమార్గం అనుకున్నాను గాని అది కుదరలేదు. ఆయింట్‌మెంటు జిడ్డుకు, చెమటకు టేపు నిలవలేదు. ఆ తర్వాతి రోజు చూసేసరికి ఎడమ కంటి పుండు లోతైంది. కుడి కంట్లో చుక్కలన్నీ కలిసి పట్టీలా అయ్యాయి. ఇంకా లోతుకు వెళ్తే కార్నియాకు చిల్లు పడుతుంది. చిల్లు పడితే కన్ను దక్కడం కష్టం.

ఇలాంటప్పుడు చేసేది పై రెప్పను, కింది రెప్పను కలిపి తాత్కాలికంగా కుట్టేయడం. చిన్న ప్రొసీజరే, మంచం దగ్గరే చేయవచ్చు. ఐసీయూ ఇన్‌చార్జి అయిన మత్తు డాక్టరు, ఈ పూటే వేసేయండి మేడం, భార్యతో సంతకం పెట్టిస్తాను అన్నారు. కరుణ సంతకం పెట్టనంది.

నాకు కోపం వచ్చింది. "బతికి బయటపడ్డాక చూపు లేకపోతే ఆటో ఎట్లా నడుపుతాడమ్మా?"

"నడపకుంటే మాయె. చెయ్యి వట్టుకొని నేను తిప్పుకుంట. ఇప్పుడు ఊపిరి ఆడకపోతే ఎవలకు చెప్పాలె మేడం? మొన్న గొట్టంల తెమడ అడ్డం వడ్డది. ఆ మిషిని మొత్తుకోకముందే ఈయన కండ్లు పైకి కిందికి కొట్టుకున్నయి. నేను చూసిన కాబట్టే సిస్టరు ఉరికొచ్చింది. కుట్టేస్తే నాకెట్ల తెలుస్తది?"

తెమడ అడ్డం పడిన మాట నిజమేనని నర్సు ముఖమే చెప్పింది. ఇటు కన్ను పోతుంది, అటు మాట పోతుంది. ఆ మాట మీదే ఊపిరి ఆధారపడి ఉంది. మేం వాదించుకుంటున్నంతసేపూ ఆ కళ్లు ఏసీ గాలికి ఆరిపోతూనే ఉన్నాయి.

స్పృహలో ఉన్న పెద్దమనిషికి ఆపరేషన్ చేయాలంటే ఒప్పుకోవాల్సింది అతను. నేను మంచం పక్కకు వంగి అతన్నే అడిగాను. ఎడమ కన్ను ఎలా ఉందో, కుడి కన్ను ఏం కాబోతోందో, కుట్లు ఎన్ని వారాలు ఉండొచ్చో దాచకుండా చెప్పి, కుట్టమంటావా దేవదానం అన్నాను.

కనుగుడ్లు కిందికి దిగాయి. దిగి అక్కడే ఉండిపోయాయి.

కాదన్నాడని రాసి వచ్చేయాలి, రూలు అదే. ఇన్‌చార్జి కూడా వేరే మంచం వైపు కదిలారు. నేను మాత్రం అక్కడే ఆగాను. కనీసం తడైనా చేద్దామని కుడి కంట్లో చుక్కలు వేసి, మందు పరుచుకోవడానికి పై రెప్పను వేలితో కిందికి దించి పట్టుకున్నాను. రోజూ చేసే పనే. రెప్ప చర్మం కింద ఏదో చిన్నగా జరిగింది.

అది కార్నియా ఉబ్బు. గుడ్డు తిరిగితే మూసిన రెప్ప కింద ఆ ఉబ్బు కూడా తిరుగుతుంది. నిద్రపోయే పసిపిల్లల రెప్పల కింద అందరూ చూసే ఉంటారు. నేను చదువుకునే రోజుల నుంచీ చూస్తున్నాను, దాంతో నాకెప్పుడూ పని పడలేదు. రెండు రెప్పలూ మూసి పట్టుకుని, టార్చిని పక్కవాటుగా వేయమని నర్సుకు చెప్పి, పైకి చూడు దేవదానం అన్నాను. రెండు ఉబ్బులూ నీడలతో సహా పైకి జరిగాయి. కిందికి అంటే కిందికి వచ్చాయి.

కండరం ఊరికే కదిలిందని ఎవరైనా అనొచ్చు. కరుణను పిలిచి, నీకు తోచింది ఏదైనా అడుగు అన్నాను. ఆమె మంచం దగ్గరికి జరిగింది.

"నేనొండే చేపల పులుసు నీకిష్టమేనా?"

ఉబ్బులు కిందికి జరిగాయి. కరుణ మళ్లీ అడిగింది. మళ్లీ కిందికే.

"ఇన్నేండ్ల సంది మంచిగుందనుకుంటనే తింటాండు మేడం" అంది కరుణ, నవ్వాలో ఏడవాలో తెలియక. ఆమె ఎదురుచూడని జవాబు వచ్చింది కాబట్టి, అది దేవదానం చెప్పిన జవాబేనని మా అందరికీ నమ్మకం కుదిరింది.

రెప్పలు వదిలేసి, కుట్టాక కూడా నీ మాట మాకిలా తెలుస్తుంది, కుట్టమంటావా అని మళ్లీ అడిగాను. అతను ముందు భార్య వైపు చూశాడు. తర్వాత పైకి చూశాడు.

వెంటనే మొదలుపెట్టాను. అతనికి నొప్పి తెలుస్తుంది గాని ఉలిక్కిపడలేడు. అందుకని మత్తు సూది వేసేటప్పుడు, దారం తీసేటప్పుడు, ప్రతి అడుగూ ముందే చెప్పి చేశాను. సూది రెప్ప అంచులో సగం మందం వరకే దిగాలి. పూర్తిగా లోపలికి పోతే దారం కార్నియాకు రాసుకుని మనమే పుండు చేసినట్టవుతుంది. దారం చర్మాన్ని కోయకుండా సెలైన్ గొట్టం ముక్కలు చిన్నవి అడ్డం పెట్టాను. ముక్కు వైపు మూలలో చుక్కలు పడేంత సందు వదిలాను. ఎడమది అయ్యాక పైకి చూడమన్నాను. ఉబ్బు లేచింది. అప్పుడే కుడి కంటికి వెళ్లాను. లేచేసరికి వీపంతా తడిసిపోయింది.

టార్చి పక్కవాటుగా వేసి చూడాలని, ఎట్టి పరిస్థితిలోనూ వేలు పెట్టి నొక్కకూడదని కరుణకు, ఆ తర్వాత ప్రతి షిఫ్టు నర్సుకూ నేర్పాం. కొన్నాళ్లకు మళ్లీ తెమడ అడ్డం పడింది. కరుణ ఆ సమయంలో క్యాంటీన్‌లో ఉంది. రెప్పల కింద ఉబ్బులు గబగబా కొట్టుకోవడం డ్యూటీ నర్సు చూసి గొట్టం శుభ్రం చేసింది. ఆ సంగతి విన్న రోజు నేను కడుపునిండా తిన్నాను.

వారాలు గడిచాక మూసే కండరంలో బలం వచ్చి రెప్పలు వాటంతటవే బిగుసుకోవడం మొదలైంది. ఒక్కో కుట్టు విప్పాను. కుడి కన్ను తేటపడింది. ఎడమ కంటి కింది భాగంలో తెల్లమచ్చ మిగిలింది, ఆ కంటితో అతనికి మసకే. నడక వచ్చి, మళ్లీ ఆటో ఎక్కడానికి ఏడాది పైనే పట్టింది.

సర్వీసులో చాలా రెప్పలు కుట్టాను. దేవదానం తర్వాత రిటైరయ్యేదాకా ఒక పద్ధతి తప్పలేదు, జూనియర్లను కూడా తప్పనివ్వలేదు. కన్ను మూసే ముందు, ఆ కంటితో అతను ఏం పని చేసుకుంటున్నాడో రోగినే అడగాలి. ఆ పనికి మూసిన తర్వాత దారేమిటో చూపించి, అప్పుడు ఒప్పుకుంటావా అనాలి. దేవదానం మొదట కాదన్నది కుట్టును కాదు. ఎవరికీ వినపడకుండా చచ్చిపోతానేమోనని భయపడ్డాడు. గొంతులోని గొట్టం తీశాక ఆ మాట అతనే చెప్పాడు.