బల్ల వెంట నడిచిన బీటు

పెడన మావయ్య పోయారు. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, గుడివాడలో నేను పాఠాలు చెప్పే కాలేజీలో క్లాసు ముగించుకుని బయటికొస్తుంటే అత్తయ్య ఫోన్ చేసింది. "పొద్దున్నే బల్ల మీద బట్ట పరిచారమ్మా. టీ పెట్టమని కూర్చున్నారు. నేను గ్లాసు తెచ్చేసరికి లేరు" అంది. వస్తున్నానని చెప్పి బస్టాండుకు వెళ్లి బందరు బస్సెక్కాను. పెడన వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను గానీ ఏం చూశానో గుర్తులేదు.

ఆయన నాకు చుట్టం కాదు. మా పక్కింటాయన. కలంకారీ అద్దకం ఆయన వృత్తి. మా వీధిలో పిల్లలందరికీ ఆయన మావయ్యే, మేమందరం ఆయనకు కోడళ్లమూ అల్లుళ్లమూ. ఇలాంటి మనుషులు పోయినప్పుడు పేపర్లో ఫొటో పడదు. పడకపోతే పోయింది, నేను రాస్తున్నాను.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. తెలుగులో ర్యాప్ ఇంకా సరిగా కళ్లు తెరవని రోజుల్లో 'అద్దకం బల్ల' అని ఒక క్యాసెట్ వచ్చింది. మీలో చాలామంది దాన్ని విని ఉండరు. విన్న కొద్దిమందీ నవ్వి ఊరుకుని ఉంటారు. ఆ తొలిరోజుల్లో వచ్చినవాటిలో దాన్ని మించింది లేదని నేనంటాను. అందులో పాడింది నేనే కాబట్టి సొంత డబ్బా అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పాడింది నేనూ నా బందరు మిత్రుడూ అయినా, దానికి ప్రాణం మావయ్య. ఆ సంగతి ఆయన చాలా ఏళ్లు నమ్మలేదు. ఆ క్యాసెట్‌ను తనే ముంచానని అనుకుంటూ బతికారు.

అప్పటికి క్యాసెట్లు వెళ్లిపోతున్నాయి, సీడీలు వస్తున్నాయి. నేను పెడనలో, నా క్లాస్‌మేట్ బందరులో ఒకే ప్యాసింజర్ ఎక్కి గుడివాడ కాలేజీకి వెళ్లేవాళ్లం. అతని దగ్గర అమెరికా కుర్రాళ్ల ర్యాప్ క్యాసెట్ ఒకటి ఉండేది. కాపీకి కాపీ తీసింది, అట్ట కూడా లేదు. మాటలు సగానికి సగం అర్థమయ్యేవి కావు. వాయిద్యాలు కొనే స్తోమతు లేని పిల్లలు పాత రికార్డుల్లో ముక్కల్నే తిప్పితిప్పి తాళం తయారుచేసుకున్నారని అతను ఎక్కడో చదివి చెప్పాడు. "మనకి ఆ రికార్డులు కూడా లేవు కదా" అని నిట్టూర్చాడు. "మా గోడవతల ఉంది, వచ్చి విను" అన్నాను.

గోడవతల మావయ్య షెడ్డు. అందులో ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే బల్ల, దాని మీద వరస మీద వరసగా గోనెపట్టాలు. ఆ మెత్త మీద బట్ట పరిచి, చెక్క అచ్చును రంగులో అద్ది, బట్ట మీద పెట్టి, పిడికిలితో ఒక్కటి వేసేవారు. ధబ్. కింద గోనె ఉంది కాబట్టి ఆ చప్పుడు టకటకలాడదు, కడుపులోకి దిగుతుంది. ఒక పువ్వు పడ్డాక అడుగు పక్కకు వేసేవారు. రెండు పువ్వులకోసారి రంగుపళ్లెం ఉన్న చక్రాల బండిని మోకాలితో ముందుకు తోసేవారు. అది కిర్రుమనేది. ధబ్, ధబ్, కిర్రు. చిన్నప్పుడు నేను ఎక్కాలు అప్పజెప్పింది ఆ చప్పుడుకే.

"మావయ్యా, మీ పని మీరు చేసుకోండి. పక్కన మేం మాట్లాడుతూ ఉంటాం, రికార్డు చేసుకుంటాం" అని అడిగాను.

"పాటా?"

"పాట కాదు. మాటలే, తాళంలో."

"రాగం లేకుండా ఏం పాటే కోడలు పిల్లా, ఉప్పు లేని చారులాగా" అన్నారు. అన్నారే గానీ, మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పౌడరు రాసుకుని వచ్చి నిలబడ్డారు. రికార్డింగ్ కదా మరి! అత్తయ్య గుమ్మంలోంచి చూసి, "ఆ చొక్కా క్యాసెట్లో కనపడుద్దా? రంగు పడితే ఉతకలేక నేను చావాలి" అని అది విప్పించి, పాత బనీను చేతికిచ్చింది. పౌడరు మాత్రం ఉంచుకున్నారు.

సోకు మనిషి. బట్టలకు వాడే నల్లరంగే జుట్టుకూ వేస్తారని వీధిలో వాళ్లు ఆటపట్టించేవాళ్లు. "వేస్తే మాత్రం? ఎన్ని ఉతుకులకీ పోదు" అనేవారు. గుడివాడలో కొత్త సినిమా వస్తే మొదటి ఆట చూడాల్సిందే. తిరిగొచ్చాక కథ అడిగితే చెప్పలేరు, డోలక్ ఎక్కడ మొదలైందో చెబుతారు. ఎవరైనా ఏదైనా సాగదీసి చెబుతుంటే "రంగు ఎండిపోద్ది, తొందరగా చెప్పు" అనేవారు. నేను ఇప్పటికీ విద్యార్థులతో ఆ మాట అంటాను, వాళ్లు ఏ రంగు మేడమ్ అని మొహమొహాలు చూసుకుంటారు.

మైకును బల్ల ఈ చివర కుర్చీకి కట్టాం. తీగ పొట్టిది, అంతకంటే ముందుకు రాదు. అందుకని మొదటి దెబ్బ వినేవాళ్ల చెవి పక్కనే పడుతుంది. పువ్వు పువ్వుకీ మావయ్య దూరం జరుగుతారు. పాట సగానికొచ్చేసరికి ఆయన ఎక్కడో ఆ చివర కిటికీ దగ్గర ఉంటారు, చప్పుడు పక్క ఊళ్లోంచి వస్తున్నట్టు ఉంటుంది. మళ్లీ రెండో వరస అద్దుకుంటూ ఇటు వస్తారు. ఆయన అటు వెళ్లేకొద్దీ మా గొంతులు ఒంటరివైపోతాయి. ఇటు వస్తుంటే వాటికి ధైర్యం వస్తుంది. ఇదంతా మేం ముందుగా అనుకుని చేసింది కాదు. తీగ పొట్టిది, మావయ్య ఒక్కచోట నిలబడే మనిషి కాదు, అంతే.

మాటలు మా ఊళ్లవే. ప్యాసింజర్ బండి మీద నేను కట్టినదాంట్లో నాలుగు ముక్కలు చూడండి:

గుడివాడ గేటు దగ్గర ఆగింది బండి,
కాలేజీ గంట మాత్రం ఆగదండి.
గార్డుగారి చేతిలో పచ్చజెండా,
మా పేరు పక్కన ఎర్రసిరా దండ.

ఇది గొప్ప కవిత్వమని నేననను. పందొమ్మిదేళ్ల పిల్ల ఉక్రోషం. కానీ "ఆగదండి" అన్నచోట మావయ్య బండి చక్రం కిర్రుమంటుంది చూడండి, అది ఏ స్టూడియోలోనూ దొరకదు.

ఇక రెండోవైపు చివరి పాట. మిత్రుడి అమ్మమ్మది దివిసీమ. ఉప్పెనలో ఆవిడ తరఫు వాళ్లు చాలామంది పోయారు. అతను వాళ్ల పేర్లు మాత్రమే చెబుతాడు. ప్రాస లేదు, అలంకారం లేదు, పిలుస్తున్నట్టు ఒక్కొక్క పేరూ. పేరు పేరుకీ ధబ్. ఆ ధబ్ దూరమవుతూ దూరమవుతూ చివరికి అతన్ని ఒంటరిగా వదిలేస్తుంది. పెద్ద పెద్ద స్టూడియోల్లో తీసిన ర్యాప్ నేను తర్వాత చాలా విన్నాను. ఇంత ధైర్యంగా తాళాన్ని దూరంగా పంపినవాళ్లు నాకు కనపడలేదు.

క్యాసెట్ అట్ట మీద మావయ్యే ఒక్కొక్కదానికీ చిన్న పువ్వు అచ్చు వేశారు. పేర్ల దగ్గర "మృదంగం అని వెయ్యండి" అని పట్టుబట్టారు. మృదంగం లేదు కదా మావయ్యా అంటే రెండు రోజులు మాట్లాడలేదు. చివరికి "బల్ల: పెడన మావయ్య" అని వేస్తే ఒప్పుకున్నారు.

గుడివాడ బస్టాండు దగ్గర క్యాసెట్ల కొట్టుకు ఇచ్చాం. కొట్టాయన ఒక పాట విని, హాస్యం వరసలో పెట్టాడు. ఆడపిల్ల గబగబా మాట్లాడుతోంది, వెనక ఎవరో ఏదో బాదుతున్నారు, హాస్యం కాక ఇంకేమిటి అనుకున్నాడు. బెజవాడ నుంచి వచ్చే ఒక చిన్న పత్రికలో మాత్రం నాలుగు వాక్యాల సమీక్ష వచ్చింది. పిల్లల ఉత్సాహం బాగుందట. వాద్యం వాయించే ఆయనకు మైకు ముందు కుదురుగా నిలబడడం కూడా చేతకాదట. ఆ వాక్యం మావయ్య స్వయంగా చదువుకున్నారు.

అంతే, ఆయనలో అది తిష్ఠ వేసింది. "నేను నిలబడి కొట్టుంటే మీ క్యాసెట్ ఆడేది కోడలు పిల్లా" అనేవారు. మొదట్లో సరదాకి అంటున్నారనుకున్నాను. నా పెళ్లి భోజనాల దగ్గర మా ఆయన పక్కన కూర్చుని, "బాబూ, మీ ఆవిడకి మంచి పేరు రావాల్సింది. నేనే చెడగొట్టాను" అన్నారు. నాకు ఒళ్లు మండింది. అలా నడిచారు కాబట్టే అది బాగుందని వాదించాను, అరిచాను, బతిమాలాను. "నా మనసు నొప్పించకూడదని అంటావులే" అని చెయ్యి ఊపేసేవారు. తనకు తానే వేసుకున్న నిందను మంచిమాటలతో తుడవడం నా వల్ల కాలేదు. అదే నాకు బాధగా ఉండేది.

ఈ మధ్య, ర్యాప్ పాడే హైదరాబాద్ కుర్రాడొకడికి పాత సామాన్ల సంతలో మా క్యాసెట్ దొరికింది. ఎలాగో నా నంబరు పట్టుకుని ఫోన్ చేశాడు. మేడమ్ మేడమ్ అంటూ ఊపిరాడకుండా పొగిడాడు. శుభ్రం చేసి నెట్లో పెడతానన్నాడు. నాలుగు రోజుల్లో పాటలు పంపాడు. వింటే దెబ్బలన్నీ ఒకే స్థాయిలో ఉన్నాయి. దగ్గరా లేదు, దూరమూ లేదు. పాపం, మంచి చేస్తున్నాననుకుని మావయ్యను ఒకచోట నిలబెట్టేశాడు.

ఆ ఆదివారం పెడన వెళ్లి, ఏమీ చెప్పకుండా ఆయన చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టి అది వినిపించాను. ఆయన కాసేపు తల ఊపి, తర్వాత మొహం చిట్లించారు.

"ఎవరమ్మా ఈయన?"

"మీరే మావయ్యా."

"ఛ, నేనెందుకవుతాను? ఈయన కదలట్లేదు. ఒకేచోట అద్దుతున్నాడు. పువ్వు మీద పువ్వు పడి ఈపాటికి గుడ్డంతా ముద్దయిపోయుంటది. ఎవడు కొంటాడు దాన్ని?"

అత్తయ్య చేటలో బియ్యం పక్కన పెట్టి మరీ నవ్వింది. నేను నా పాత క్యాసెట్ నుంచి ఎక్కించుకున్నది పెట్టాను. ఈసారి ఆయన కళ్లు మూసుకున్నారు. పిడికిలి మోకాలి మీద ఆడింది. "ఆ, ఇదీ... బయల్దేరాడు... సగం బల్ల అయింది... కిటికీ దాకా వెళ్లాడు" అన్నారు. పాట అయ్యాక హెడ్‌ఫోన్స్ తీసి నా చేతికిచ్చారు.

"అయితే నిలబడి కొట్టుంటే పాడయ్యేదంటావు."

"పాడయ్యేది మావయ్యా. ఇప్పుడు మీరే విన్నారు కదా."

"మరి ఆ పత్రికాయన అలా రాశాడే?"

"ఆయనకి తెలీలేదు."

"తెలీలేదు పాపం" అన్నారు, ఆయన మీద నిజంగానే జాలిపడుతూ. ఇరవయ్యేళ్ల బరువు అలా దిగిపోయింది. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. "ఏడిస్తే రంగు కారుద్ది, కాటుక తుడుచుకో" అన్నారు.

హైదరాబాద్ కుర్రాడికి సంగతి చెప్తే వెంటనే అర్థం చేసుకున్నాడు. అసలుదాన్ని అసలుగానే, మొదటి నుంచి చివరిదాకా ముక్క కత్తిరించకుండా పెట్టాడు. ఇక మావయ్యను పట్టగలమా! టీ కొట్టు దగ్గర, చేనేత సొసైటీ దగ్గర, దొరికినవాళ్లందరికీ "నడుస్తూ కొట్టేవాణ్ని దేశంలో నేనొక్కణ్నే" అని చెప్పుకున్నారు. నెట్లో ఆ పాటల కింద జనం రాసే మాటలు నాచేత చదివించుకునేవారు. "ఆ బీటు మా గదిలో ఎవరో నడుస్తున్నట్టుంది" అని ఎవరో రాశారు. అది మాత్రం వెళ్లినప్పుడల్లా చదవమనేవారు. అప్పుడు చొక్కా కాలరు సవరించుకునేవారు కూడా.

పెద్దకర్మ రోజున మిత్రుడు వచ్చాడు. ఇప్పుడు అతనికి కృత్తివెన్నులో రొయ్యల చెరువులున్నాయి. భోజనాలయ్యాక, దగ్గరివాళ్లం కొందరం షెడ్డులో చాపల మీద కూర్చున్నాం. అత్తయ్య ఉన్నట్టుండి "ఆ దివిసీమ పాట పెట్టండి ఒకసారి" అంది. మిత్రుడు కారులోంచి స్పీకరు తెచ్చి పెట్టాడు. పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. దెబ్బలు దూరం జరిగాయి. ఆఖరి పేరు, ఆఖరి ధబ్, కిటికీ దగ్గర.

పాట అయిపోయింది. కానీ అప్పట్లో రికార్డు చేసిన రోజున మేం టేపు వెంటనే ఆపలేదు. నాలుగు క్షణాల తర్వాత ఆ దూరం నుంచే మావయ్య గొంతు వినిపించింది.

"అయిందా కోడలు పిల్లా? ఇటు వచ్చెయ్యనా?"

షెడ్డులో ఉన్నవాళ్లందరి తలలూ కిటికీ వైపు తిరిగాయి. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. స్పీకరులో నా పందొమ్మిదేళ్ల గొంతు, కంగారుగా, గుసగుసగా పలికింది. "ఉండండి మావయ్యా, అక్కడే ఉండండి. టేపు ఇంకా తిరుగుతోంది."

ఆ తర్వాత అడుగు చప్పుడు లేదు, చక్రం కిర్రుమనలేదు. ఎవరెన్ని చెప్పినా ఒక్కచోట నిలబడని మనిషి, నేను ఉండమన్నానని ఆ చివర ఆగిపోయి ఉన్నారు. టేపు తిరుగుతున్న సన్నటి చప్పుడు చాలాసేపు వినిపించింది. దాన్ని ఆపడానికి మాలో ఎవరమూ లేవలేదు.