ఐదో ముద్ద

మా మేడం పోయారని ఫోను వచ్చినప్పుడు నేను కుప్పం దగ్గర ఒక పల్లెలో అంగన్‌వాడీ పిల్లల బరువులు చూస్తున్నాను. ఫోను చేసింది మదనపల్లెలో ఆమె పక్కింటావిడ. "మీ మేడం లేదమ్మా. రాత్రి పడుకున్నామె పొద్దున లేయలేదు" అంది. తూకంలో కూర్చోబెట్టిన పిల్ల కాళ్ళాడిస్తూ నవ్వుతోంది. ఎంత రాయమంటారు మేడం అని అక్కడి టీచరు రెండుసార్లు అడిగింది. ఇప్పుడు నన్ను కూడా జనం మేడం అంటారు. ఆ పిలుపు ఆమె పెట్టిన భిక్షే.

డిగ్రీలో మాకు గృహ విజ్ఞానం చెప్పారామె. నేను ఆ కోర్సులో చేరినప్పుడు మా నాయన కూలి పనికి పోయేవాడు. "వంట నేర్చుకునేదానికి కాలేజీ యాల మే? మీయమ్మ నేర్పదా?" అని ఒకటే నవ్వు. ఆ మాట మేడంతో చెప్పుకుని ఏడ్చాను. ఆమె ఏమాత్రం నొచ్చుకోలేదు. "మీయమ్మ నిన్న ఏం తినిందో సెప్పమని మీ నాయన్ని అడుగు. సెప్తే నువ్వు కాలేజీ మానేద్దువులే" అన్నారు. అదేం ప్రశ్నో నాకప్పుడు తలకెక్కలేదు.

ఆమె అంగడికి వస్తున్నారంటే అంగడాయనకు చెమటలు పట్టేవి. ఏ పాకెట్టు తీసుకున్నా వెనక్కి తిప్పి, కళ్ళజోడు పైకి నెట్టి, సన్నక్షరాలు బయటికే చదివేవారు. ఒకసారి బిస్కెట్ల పాకెట్టు చదివి, "ఇందులో పాలు యాడుండాయప్పా? పాల బొమ్మ ఉండాది, అంతే" అని తిరిగిచ్చేశారు. "ముందర బొమ్మ సూసి మోసపోవద్దండమ్మా. నిజమనేది యెనకాల, సన్నగా రాసుంటాది" అని మాకు పదేపదే చెప్పేవారు. మేం వెనకాల ఆమెలాగే కళ్ళజోడు నెట్టుకున్నట్టు నటించి నవ్వుకునేవాళ్ళం. ఆమెకు తెలుసు.

ఆఖరి సంవత్సరం పుంగనూరు దగ్గర ఒక పల్లెకు సర్వేకి తీసుకుపోయారు. నిన్న పొద్దుటి నుంచి ఈ పొద్దుటి దాకా ఇంట్లో ఆడమనిషి నోట్లోకి ఏమేం పోయిందో అడిగి ఫారంలో రాయాలి. ఎంత తిన్నదీ చూపించేదానికి కొలత గిన్నెల సెట్టు ఒకటి చేతికిచ్చారు. నా వంతుకొచ్చిన ఇంటామె భలే కలుపుగోలు మనిషి. "నిన్ననా? రాగి సంగటి, గుడ్డు పులుసు. అందరం కడుపు నిండా తింటిమి" అంది. గిన్నెలు చూపిస్తే పెద్దది పట్టుకుంది. నేను సంబరంగా రాసేసుకున్నాను. అందరికంటే ముందు నా ఫారమే పూర్తయింది.

మేడం ఆ ఫారం చదివి, నన్ను వెంటబెట్టుకుని మళ్ళీ ఆ ఇంటికే పోయారు. గడప మీద కూర్చుని, వానల గురించి, గొర్రెల గురించి మాట్లాడి మాట్లాడి, "నిన్న సంగటి ఎన్ని ముద్దలు సేస్తివమ్మా?" అన్నారు.

"ఆరు."

"ఎవరెవరికి?"

"మా ఇంటాయప్పకు రెండు. పిలకాయలు ముగ్గురికీ తలా ఒకటి. మా అత్తకొకటి."

అక్కడితో ఆరూ అయిపోయాయి. ఆ ఇంటామె కూడా అప్పుడే చూసుకున్నట్టుంది, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "నాకా? గిన్నెకు అంటుకుండేదాంట్లో నీళ్ళు పోసుకుని తాగినాలేమ్మా. నాకంతే సాలు."

వెనక్కి నడుస్తుంటే మేడం చెప్పిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "తింటివా అని అడిగితే ఏ ఆడదైనా తింటి అనే అంటాది. లేదంటే ఇంటి పరువు పోతాదని. ఎన్ని ముద్దలు సేస్తివి, ఎవరికి పెడితివి అని అడుగు. మిగిలిందే ఆమె తినింది. తింటి అన్న మాట రాసుకొచ్చేది సర్వే కాదమ్మా."

ఆ శనివారం ఇంటికి పోయి, అమ్మ సంగటి కెలికేటప్పుడు పొయ్యి దగ్గరే కూర్చున్నాను. నాయనకు, అవ్వకు, తమ్ముడికి, నాకు. నాలుగు ముద్దలు. ఇన్నేళ్ళుగా నా కళ్ళ ముందరే నాలుగు ముద్దలు చేస్తోంది అమ్మ, మేం ఇంట్లో ఐదుగురం. సిగ్గుతో చచ్చిపోయాను. ఐదో ముద్ద చేస్తేనే నేను తింటానని మొండికేశాను. నాయన నవ్వలేదు. తన పళ్ళెం పక్కకు జరిపి, పిండి తెచ్చేదానికి తనే లేచాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఐదో ముద్ద ఉంది. అమ్మ ఈ రోజు గట్టిగా నడుస్తోందంటే అది మేడం చలవ.

ఇంత నేర్చుకున్నదాన్ని నేనేం చేశానో చెప్పాలి. అది చెప్పకపోతే ఈ రాతకు అర్థం లేదు.

మేడం పెళ్ళి చేసుకోలేదు. మదనపల్లెలో అద్దింట్లో అక్కతో కలిసి ఉండేవారు. మూడేళ్ళ కిందట ఆ అక్క పోయారు. అప్పటి నుంచి ఆదివారం ఆదివారం కుప్పం నుంచి ఫోను చేసేదాన్ని. "తింటిరా మేడం?" అని అడిగేదాన్ని. "తింటిలేమ్మా, కడుపు నిండా తింటి" అనేవారు. సరేనని వేరే కబుర్లలో పడేదాన్ని. మూడేళ్ళు! ఊరూరూ తిరిగి అంగన్‌వాడీ టీచర్లకు ముద్దల సంగతి పాఠంగా చెప్పిన నోటితోనే ఆమెను మాత్రం తింటిరా అని అడిగాను. ఆమె మేడం కదా, ఆమెకు తెలియదా అనుకున్నాను.

ఈ ఉగాదికి మేడంకని రాగి లడ్లు చేసి స్టీలు డబ్బాలో తీసుకుపోయి ఇచ్చాను. మూత వదులు. బస్సులో ఊడిపోకుండా అమ్మ పాత చీర అంచు చింపి, రెండు ముళ్ళు వేసి కట్టాను. ఆ ఆదివారం లడ్లు ఎట్లున్నాయని అడిగితే, "బాగుండాయమ్మా. బెల్లమే రవ్వంత తక్కువ" అన్నారు. చూశారా, రిటైరైనా తప్పులు దిద్దడం మానలేదని మురిసిపోయాను. ఈసారి బెల్లం ఎక్కువ వేయాలని గుర్తు కూడా పెట్టుకున్నాను.

పదకొండో రోజుకు అమ్మను కూడా తీసుకుని మదనపల్లె పోయాను. వచ్చిన పెద్దమనుషుల్లో ఒకాయన లేచి, ఎన్ని వందల ఇళ్ళకు తిండి విలువ నేర్పిందో మహాతల్లి అన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. భోజనాలయ్యాక పక్కింటావిడ మమ్మల్ని వంటింట్లోకి పిలిచి మెల్లగా చెప్పింది. "మునుపు సూపిస్తే డాక్టరు ఒంట్లో సత్తువే లేదు, తింటాండారా అని అడిగినాడమ్మా. తింటాండానప్పా అనింది. యాడ తినింది? పొద్దున కాఫీ, మాపటికి రవ్వంత మజ్జిగ. మేం ఏమన్నా ఇస్తే ఇప్పుడే తింటి అనేది. వాళ్ళక్క పోయినాక పొయ్యి ముట్టించిందే తక్కువ. ఒక్కదానికి యాలలే అనేది."

అమ్మ ఆ పొయ్యి వైపు చూసింది. "మనింట్లో నాకు ముద్ద పెట్టించిన తల్లి. ఆయమ్మ ఎన్ని ముద్దలు సేసుకుంటాందని నువ్వు అడగలేదా మే?" అంది. కోపంగా అనలేదు. తెలుసుకోవాలనే అడిగింది.

గిన్నెలు సర్దడానికి పక్కింటావిడ అలమర తెరిచింది. పై అరలో నా స్టీలు డబ్బా కనిపించింది. అమ్మ చెయ్యి చాపి దాన్ని దించింది. బరువుగా ఉంది. కొంగుతో దుమ్ము తుడిచి, మూత చుట్టూ వేలు తిప్పి, "ఇది నా చీర అంచు గదా" అంది. రెండు ముళ్ళూ నేను వేసినవి వేసినట్టే ఉన్నాయి.