నీళ్ళు దిగని అరుగు

విజయవాడ వన్ టౌన్‌లో తుప్పు పట్టని మరమేకులు కొనడానికి వెళ్ళి, పక్క కొట్టులోంచి వచ్చిన గుగ్గిలం వాసనకు కళ్ళు మూసుకుని నడిరోడ్డు మీద ఆగిపోయాను. నా వెనక వస్తున్న తోపుడుబండి, దాని వెనక ఆటో, ఆ వెనక ఉల్లిపాయల బస్తాల బండి, ఆ వెనక బహుశా హైదరాబాదు దాకా ఉన్న వాహనాలన్నీ ఆగిపోయాయి. "ఏమ్మా, దణ్ణం అయిందా, ఇంకా ఉందా?" అని తోపుడుబండి ఆయన అడిగేదాకా నేను ఈ లోకంలో లేను.

గన్నవరం దగ్గర మేం కట్టుకున్న ఇంటి డాబా మీద చెక్క డెక్ వేయించాలని ఈ ఏడాది నాకు కోరిక పుట్టింది. వేసే కుర్రాళ్ళు వచ్చి, ఫోనులో నలభై రకాల బొమ్మలు చూపించి, "మన వానలకి ఇరవై ఏళ్ళు గ్యారంటీ మేడమ్" అన్నారు. నాకు నవ్వొచ్చింది. వానలో ఉండే చెక్క అరుగు గురించి నాకు చిన్నప్పుడే తెలిసినంత ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. ఆ జ్ఞానమంతా గుగ్గిలం వాసనతోనే మొదలైంది.

మా ఊరు దివిసీమలో సముద్రానికి ఎంత దగ్గరంటే, తూర్పుగాలి గట్టిగా వీస్తే అమ్మ పప్పులో ఉప్పు వేయడం మానేసేది. గేటు బందులు, ట్రంకు పెట్టె తాళం, కుట్టుమిషను, సైకిలు గంట, ఇనుము అన్నది ఏదైనా సరే రెండు వానలకే ఎర్రబడి పొలుసులు రాల్చేది. మాకు ఉన్నవి రెండే కాలాలు, వాన పడే కాలం, పడిన వాన ఆరని కాలం. మధ్యలో ఎండాకాలమని ఒకటి వచ్చేదిగానీ అది మామిడి తాండ్ర ఎండబెట్టుకోవడానికీ, ముంజెలు తినడానికీ, ఊరగాయ జాడీలకు గుడ్డలు కట్టడానికీ ఇచ్చిన సెలవు మాత్రమే. నేలంతా నల్లరేగడి. తడిస్తే చెప్పుల్ని మింగేసేది, ఎండితే బీటలు వారేది. నా ఆరో ఏట ఒక బీటలో పడిన రబ్బరు బంతి ఇప్పటికీ కిందికి పోతూనే ఉందని నా అనుమానం.

మా పెరటి గుమ్మం ముందు సిమెంటు గట్టు ఒకటి ఉండేది. నల్లరేగడి ఉబ్బినప్పుడల్లా అది పగిలేది, పగిలిన చోటల్లా నాచు పట్టేది. ఆ గట్టు మా నాయనమ్మ కచేరీ. పెరటి వెనకే కాలవ, కాలవ పక్కనే బాట. సాయంత్రం అక్కడ కూర్చుంటే ఎవరి గంపలో ఏ చేప ఉంది, ఎవరి కోడలు పుట్టింటి నుంచి ఎన్నాళ్ళకు వచ్చింది, ఎవరి గేదె ఎవరి గట్టు దిగింది, అన్నీ ఆవిడకు తెలియాల్సిందే. తెలియకపోతే కేకేసి పిలిచి అడిగేది. ఆ కేక అవతలి గట్టు మీద మేసే గేదెలకు వినపడి, అవి కూడా సంజాయిషీ చెప్పుకోవడానికి వచ్చేవి.

ఒక అట్లతద్ది నాడు నాయనమ్మ పొరుగింటికి పళ్ళెంలో అట్లు తీసుకెళుతూ ఆ గట్టు మీద నాచుకు జారింది. అట్లు ఎగిరి జామచెట్టు కొమ్మకు వేలాడాయి. ఆవిడ తుంటి ఎముక విరిగింది. విజయవాడ తీసుకెళ్ళి రాడ్డు వేయించారు. "చేతికర్ర పట్టుకుని చదును నేల మీదే నడవాలండీ. ఈసారి జారితే ఇక లేవడం ఉండదు" అని డాక్టరుగారు తేల్చేశారు. మా ఊళ్ళో చదును నేల అంటే మా మధ్యగదే. పెరట్లో దిగితే బురద ఉన్నన్నాళ్ళూ కాలు జారుతుంది, బురద లేనప్పుడు చేతికర్ర బీటలో దిగిపోతుంది.

అలా ఆవిడ పట్టెమంచం ఎక్కింది. పైన దూలం మీద ఒక బల్లి ఉండేది. మొదటి వారం నాయనమ్మ ఆ బల్లిని తిట్టింది. రెండో వారానికి దాంతో స్నేహం కుదిరి, దాని కాపురం సంగతులు మాకు చెప్పడం మొదలుపెట్టింది. సంక్రాంతి దాటేసరికి బల్లితో కూడా మాట్లాడటం మానేసి గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నం రెండు ముద్దలకు వచ్చింది. మా ఇంట్లో అంత నిశ్శబ్దం ఎవరమూ ఎరగం. మా అమ్మ, కాపురానికొచ్చిన దగ్గర్నించీ ఆ నోటికి జడిసిన మనిషి, వంటింట్లో కళ్ళు తుడుచుకుంటూ, "నన్ను రెండు తిట్టినా బాగుండునే" అంది నాతో.

నాన్నది లెక్క ప్రకారం నడిచే బుర్ర. జారనిది, నీళ్ళు నిలవనిది, నేల ఉబ్బినా పగలనిది ఒక అరుగు కావాలి. సిమెంటు పనికిరాదు కాబట్టి చెక్క. ఊళ్ళో వడ్రంగిని పిలిస్తే, "వానలో చెక్కేంటండీ బాబూ, రెండేళ్ళకి పుట్టగొడుగులు కోసుకుంటారు" అని నవ్వి వెళ్ళిపోయాడు. నాన్న మూడు రోజులు ఆలోచించి, నాలుగో రోజు పొద్దున పళ్ళు తోముకుంటూ ప్రకటించారు. ఏడాది పొడుగునా ఉప్పునీళ్ళలో ఉండి కూడా కుళ్ళని చెక్క ఏది? పడవ. కాబట్టి అరుగు వేయాల్సింది పడవలు చేసేవాడు. ఈ తర్కంలో తప్పు ఎక్కడుందో ఇప్పటికీ నేను చటుక్కున చెప్పలేను.

సముద్రం ఒడ్డున పేట నుంచి నాంచారయ్య తాత వచ్చాడు. మా చుట్టుపక్కల రేవుల్లో తిరిగే పడవల్లో సగం ఆయన చేసినవే. ఆయన చేసిన పడవలో నీళ్ళు తోడే డబ్బా పెట్టుకోవడం ఆయనకు అవమానమని పేటలో చెప్పుకునేవారు. మా పెరడంతా ఒకసారి తిరిగి, మట్టి చిటికెడు తీసి వేళ్ళతో నలిపి, "చెక్కని చంపేది వాన కాదు బాబుగారూ, మట్టి. మట్టి తగలకుండా చేస్తాను" అన్నాడు.

ఆ వేసవంతా మా పెరడు రేవైపోయింది. ముందు నల్లరాతి దిమ్మలు పాతాడు. వాటి మీద ముదురు తాటి మొద్దులు నిలబెట్టాడు. వాటి అడుగుల్ని ముందే మంటలో నల్లగా కాల్చి తారు పూశాడు. వాటి మీద దూలాలు, దూలాల మీద జానెడు వెడల్పున్న టేకు పలకలు ఇరవై అయిదు. ఇనప మేకు ముట్టుకోలేదు, అన్నీ రాగి మేకులే. చేతికర్ర జారిపోకుండా చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తు అంచు కట్టాడు. చివరగా, పలకకీ పలకకీ మధ్య నూలు, కొబ్బరిపీచు కూరి, గుగ్గిలం నూనెలో మరిగించి పోశాడు. ఆ వాసన మా జుట్టుకీ, పాలకీ, ఆవకాయకీ పట్టింది. దాని మీద చేపనూనె పూత వేసేసరికి మా వీధి పిల్లులు కాపురాలు ఎత్తేసి మా పెరట్లో దిగాయి.

నాయనమ్మను పెరటి గుమ్మంలో కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్ళం. మొదటి రోజు ఊరికే చూసింది. మూడో రోజు, "ఆ మేకు వంకరపోయింది నాంచారయ్యా" అంది. మా అమ్మ చేతిలో గరిటె జారింది. అది నాయనమ్మ మూడు నెలల తర్వాత మాట్లాడిన మొదటి పెద్ద వాక్యం.

ఏరువాక పున్నమి నాడు ఆవిడను అరుగు మీదికి దించాం. గారెలు వండారు. కర్ర టకటకలాడించుకుంటూ ఈ చివర్నించి ఆ చివరికి నడిచి, కుర్చీలో కూర్చుని, బాట మీద పోతున్న ఒక పెద్దమనిషిని ఆపి, పోయిన కార్తీకం నుంచీ బాకీపడ్డ కబుర్లన్నీ గంటన్నరలో రాబట్టింది. నాన్న మీసం ఆ రోజు రెండంగుళాలు పెరిగింది.

మర్నాడు తొలకరి పడింది.

ఒక్క చుక్క కిందికి దిగలేదు. దిగితే అది నాంచారయ్య పని ఎట్లా అవుతుంది? వాన నాలుగు వేళ్ళ అంచు దాకా నిండింది. నడిమధ్య కుర్చీలో నాయనమ్మ, చీలమండల దాకా నీళ్ళలో, గొడుగు పట్టుకుని, కాలవ మధ్య లంకలా కూర్చుని ఉంది. మా బాతులు బురద వదిలి అరుగెక్కి ఈదుతున్నాయి. నాన్నా, నేనూ కలిసి ఆవిడను లోపలికి మోసుకొచ్చాం. "ఒరే సాంబా, నన్ను పొడిగా కూర్చోబెట్టమంటే పడవెక్కించావేంట్రా?" అని అడిగింది నాన్నని. ఎవరూ నవ్వలేదు. నేను నవ్వాను, జెల్ల తిన్నాను.

నాంచారయ్య తాత కబురందుకుని వచ్చి, నిండిన అరుగు చూసినప్పుడు ముందు ఆయన మొహంలో మెరిసింది మాత్రం గర్వమే. తర్వాత నాయనమ్మ మంచం వైపు చూసి తల దించుకున్నాడు. నాలుగు చిల్లులు పెడితే సరిపోతుంది కదా అన్నారు నాన్న. నాంచారయ్య తాత రెండడుగులు వెనక్కి వేశాడు.

"చిల్లు పెట్టనండి. నా చేత్తో కూరిన పీచు నేనే పీకి, నీళ్ళు రానిస్తే మా తల్లి గంగమ్మ ఊరుకోదండి. నీళ్ళ మీద బతికే పిల్లలున్నోణ్ణి. కావాలంటే రోజూ వచ్చి తోడిపోతాను."

నిజంగానే తోడాడు. తన పడవల్లో ఎన్నడూ పెట్టనివ్వని డబ్బా పట్టుకుని, వారం రోజులు రెండు కోసుల దూరం నుంచి వచ్చి మా అరుగులో నీళ్ళు తోడాడు. తోడిన గంటకే మళ్ళీ వాన. పలకల మీద పచ్చటి జిగురు మొదలైంది, దోమలు సంసారాలు పెట్టాయి. నాయనమ్మ మళ్ళీ పట్టెమంచం మీద గోడ వైపు తిరిగింది. అమ్మ పెట్టిన అన్నం పళ్ళెంలో అలాగే తిరిగొచ్చేది. ఇంకొకరిని పిలిచి చిల్లులు పెట్టిద్దామంటే, "వాడి పని మీద వేరేవాడి ఉలి పడనివ్వకూడదు" అని గోడతోనే చెప్పింది.

ఎనిమిదో రోజు నీళ్ళు తోడుతున్న చప్పుడు విని, గోడ వైపు నుంచి ఇటు తిరిగి నన్ను పిలిచింది. "ఒసేయ్, నాంచారయ్యని ఇట్టా రమ్మను." ఆయన తడి కాళ్ళతో గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వు చేసిందేంటో చెప్పు."

"అరుగండి అమ్మగారూ."

"మరి పీచు పీకనంటావేం?"

"చేసింది పడవ పనేనండి."

"పసుపు రాశావా దానికి?"

"లేదండి."

"గంగమ్మకి కొబ్బరికాయ కొట్టావా? పదిమందీ పట్టుకుని నీళ్ళలోకి దింపారా?"

"లేదండి."

"కాయ కొట్టకుండా, నీళ్ళలో దించకుండా పడవెట్టా అయిందయ్యా దాని మొహం? అది పడవని గంగమ్మకి ఎవరు చెప్పారు? నువ్వు చెప్పావా?"

ఆయన వెనక్కి తిరిగి అరుగు వైపు ఒకసారి చూశాడు. "నే చెప్పలేదండి" అన్నాడు.

"నేనూ చెప్పలేదు. ఇంకెట్టా తెలుస్తుంది ఆవిడికి?"

మర్నాడు తెల్లారేసరికి వచ్చాడు. అందరినీ లోపలికి పొమ్మన్నాడు. నేను వంటింటి కిటికీ చువ్వల్లోంచి చూశాను. కొంకీ పెట్టి మొదటి పీచు లాగేటప్పుడు ఆయన కళ్ళు మూసుకున్నాడు. రెండోదానికీ మూసుకున్నాడు. మూడోదాని నుంచి మామూలు పనిలో పడ్డాడు. రాగి మేకులు తీసి, వంపులు సరిచేసి, పలకల్ని ఒక్కొక్కటిగా లేపాడు. ఇరవై అయిదింట్లో ఒక పలక తీసి పక్కన పెట్టేశాడు. అది మిగిల్చిన జానెడు చోటును మిగతా ఇరవై నాలుగింటి మధ్యా పంచాడు. "సందు ఎంతుండాలండీ?" అని గుమ్మం వైపు అడిగితే, నాయనమ్మ లోపల్నించి, "వడ్లగింజ పొడుగంత" అంది. అమ్మ గాదెలోంచి గుప్పెడు వడ్లు తెచ్చి ఇచ్చింది. ప్రతి సందులోనూ గింజ అడ్డంగా పెట్టి చూసి మరీ మేకు కొట్టాడు. మూడు రోజులు పట్టింది.

ఆ సాయంత్రం పడిన వాన పలకల మీద ఒక్క నిమిషం చప్పుడు చేసి, అన్ని సందుల్లోంచీ కిందికి దిగిపోయింది. ఆగిన అరగంటకు నాయనమ్మ అరుగు మీదికి వచ్చింది. నాంచారయ్య తాత మెట్టు మీద కూర్చుని, నీళ్ళు కారిపోతున్న శబ్దం వింటూ, మా అమ్మ ఇచ్చిన కాఫీ చల్లారిపోయేదాకా తాగలేదు.

ఆ అరుగు మీద నాయనమ్మ పదకొండు వానాకాలాలు కూర్చుంది, ఒక్కసారీ జారలేదు. ఏటా ఎండాకాలం ఆయనే వచ్చి చేపనూనె పూసి వెళ్ళేవాడు. వామనగుంటలు ఆడుతుంటే మా చింతపిక్కలు సందుల్లో పడిపోయేవి. వాటి కోసం పలకల కింద పాకుతుంటే, పైన నాయనమ్మ ఊరి మీద వేసే కేకలు నా నెత్తి మీదే ఉరిమేవి.

పోయిన నెల ఆ ఊరు వెళ్ళాను. ఇంట్లో మా చిన్నాన్న కొడుకు ఉంటున్నాడు. పెరటి వెనక కాలవ బాట ఇప్పుడు సిమెంటు రోడ్డు, దాని అవతల రొయ్యల చెరువులు. బాట మీద ఆగి సంజాయిషీ చెప్పేవాళ్ళెవరూ లేరు, అందరూ బళ్ళ మీద పోతున్నారు. అరుగు మాత్రం ఉంది. దాని మీద మేత బస్తాలు పేర్చారు. నాలుగైదు పలకలు మార్చారుగానీ తక్కినవన్నీ ఆనాటివే. పేటకు వెళ్ళి నాంచారయ్య తాత చేసిన పడవ ఒక్కటైనా చూద్దామనుకుంటే రేవు నిండా ఫైబరు పడవలే. ఆయన కొడుకు, తల నెరిసిన మనిషి, ఆ ఫైబరు పడవలకు అతుకులు వేస్తున్నాడు. "చెక్క పడవా? ఒక్కటి కూడా లేదండీ. కొన్ని తుపానుకి పోయినయి, కొన్ని పొయ్యిలోకి పోయినయి" అన్నాడు. మీ నాన్నగారి పని ఒకటి మా ఇంట్లో ఉందంటే, చేతులు కడుక్కుని నా వెంట వచ్చాడు.

బస్తాలు పక్కకు జరిపి, వంగి పలకల మధ్య చూశాడు.

"ఇది మా నాన్న చేసింది కాదండి" అన్నాడు మర్యాదగానే. "ఆయన పనైతే వెంట్రుక దూరదు. ఇదేంటండీ, ఇన్ని సందులు?"

జరిగిందంతా చెప్పాను. నా మాట తీసెయ్యలేకా, నమ్మలేకా తల ఆడించాడు. మోకాళ్ళ మీద కూర్చుని మొదటి సందులో చిటికెన వేలు పెట్టాడు. తర్వాత రెండో దాంట్లో, మూడో దాంట్లో. వేలు ప్రతిసారీ ఒకే గణుపు దగ్గర ఆగింది. మార్చిన పలకల దగ్గర వేలు ఒకచోట ఇరుక్కుంది, ఒకచోట వదులైంది. అవి దాటాక మళ్ళీ అదే గణుపు దగ్గర ఆగడం మొదలైంది. అట్లాగే పాక్కుంటూ అవతలి అంచు దాకా వెళ్ళాడు.

అక్కడి నుంచి, తల ఎత్తకుండానే, "మా నాన్నేనండి" అన్నాడు.