పరీక్ష పాఠంలో నా చేతులు

మా మనవరాలి బీఈడీ చివరి పాఠం నేను చెడగొట్టలేదు. చెడిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. రెండూ ఒకటేనని మా కోడలు అంటుంది. నేను వాదించను.

బీఈడీ చదివేవాళ్లు ఆఖర్న ఏదో ఒక బడికి పోయి, పరీక్షకు వచ్చిన సారు ముందు పిల్లలకు ఒక పాఠం చెప్పాలి. అది తప్పితే ఇంకో ఏడాది ఆగాలి. మా పిల్లకు పుల్లలచెరువు వైపు ఒక హైస్కూలు పడింది. పాఠం రాళ్ల గురించి. మార్కాపురం పిల్ల రాళ్ల గురించి చెప్పాలంటే పలక రాయిని వదిలి ఎక్కడికి పోతుంది? నా దగ్గరికే వచ్చింది.

నేను బడికి పోయింది మూడో తరగతి దాకా. తర్వాత నా బతుకంతా పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చడమే. ఎంతమంది పిల్లలు నా పలకల మీద దిద్దారో తెలియదు గానీ నేను రాసింది తక్కువ. దిమ్మెను నిలబెట్టి, అంచు మీద ఉలి ఆనించి, సుత్తితో మెల్లగా తడితే పొర విడుతుంది. బలం అక్కర్లేదు, చెవి కావాలి. రాయి చప్పుడు మారిన చోట చెయ్యి ఆగాలి. ఇంకొకటి, తడి ఉండాలి. గని నుంచి వచ్చిన దిమ్మెను తడి గోనెపట్టాలో చుట్టి పెడతాం. ఒకసారి ఎండిందంటే పొరలుగా విడవదు, పెళ్లలుగా పగులుతుంది. మా వీధిలో ఇది చెప్పి నేర్పించే సంగతి కాదు, అందరికీ తెలిసినదే. ఫ్యాక్టరీ మూతపడ్డాక పుట్టిన పిల్లలకు తెలియదని నాకు తోచలేదు.

మా పిల్ల పెరట్లో నన్ను కూర్చోబెట్టి ఫోన్లో వీడియో తీసింది. పెట్టెలో దాచుకున్న చీర కట్టుకున్నాను. పని చేస్తూనే ఏది ఎందుకు చేస్తున్నానో మొదటి నుంచి చివరిదాకా చెప్పాను, తడి సంగతి మాత్రం నోటికి రాలేదు. ఇంత తతంగం ఎందుకు, నేనే వచ్చి పిల్లల ముందు చీల్చి చూపిస్తాను కదా అని అడిగాను.

“నువ్వు చేస్తే ముందు బెంచీ వాళ్లకే కనపడుతుంది అవ్వా, అది గూడ ఒక్కసారే. తెర మీదైతే ఆపొచ్చు, పెద్దది చేయొచ్చు.”

సరైన మాటే. ఒప్పుకున్నాను. పిల్లలు ముట్టుకుని చూస్తారని ఒక దిమ్మెను మాత్రం గోనెలో చుట్టి, నా ఉలీ సుత్తీ జతచేసి ఇచ్చాను.

పరీక్ష రోజు తోడుగా నేనూ బస్సెక్కాను. ఆ తరగతిలో నల్లబల్ల పక్కన గోడకు పెద్ద తెర ఉంది. వెనక బెంచీలో, పరీక్ష సారుకు కొంచెం ఎడంగా కూర్చున్నాను. మా పిల్ల సంచిలోంచి దిమ్మె, ఉలి, సుత్తి తీసి బల్ల మీద పెట్టింది. గోనె లేదు. నల్లగా ఉండాల్సిన రాయి బూడిద రంగుకు తిరిగింది. వీడియో ఎక్కించి అదే సంచిలో పెట్టుకునే ట్యాబ్‌కు తడి తగులుతుందని రెండు రోజుల ముందే ఎండలో ఆరబెట్టిందని తర్వాత తెలిసింది. ముట్టుకోవడానికే కదా, ఎండితే ఏమైందిలే అనుకున్నాను.

వీడియో మొదలైంది. గోడ మీద నా చేతులు ఏనుగు చెవులంత ఉన్నాయి. ఉన్న మాట చెప్పాలి, రాయిలో వెంట్రుకంత గీతలు నా కళ్లకు ఎప్పుడూ ఆనలేదు, ఆ తెర మీద ఆనాయి. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. అయితే చేతులు తప్ప నేను లేను. మెడ నుంచి పైకి కత్తిరించేసింది. మాట కూడా నాది కాదు. నేను చెప్పిందే పుస్తకం భాషలోకి మార్చి తన గొంతుతో చదివి పెట్టుకుంది.

ముందు వరసలో ఒక ఆడపిల్ల లేచి, ఆ చేతులు ఎవరివి టీచర్ అని అడిగింది.

మా పిల్ల ఒక్క క్షణం నా వైపు చూసింది. “ఎవరో పనామెవి. మీరు రాయిని చూడండి” అంది.

వీడియో అయిపోగానే సారు లేచి తెర ఆపించాడు. ఇంతసేపూ పాఠం చెప్పింది ఆ పెట్టె అనీ, ఆమె ఏం చెప్తుందో తాను ఇంకా వినలేదనీ అన్నాడు. బల్ల మీద రాయి, ఉలి ఉన్నాయి కాబట్టి ఒక పొర తీసి చూపించమన్నాడు.

మా పిల్ల ఉలి పట్టుకుని వెనక బెంచీ వైపు చూసింది. అప్పుడు లేచి, అది ఎండిన రాయి, విడవదు సారూ అని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. ఎందుకు విడవదో పిల్లలకు చెప్పి అదే పాఠం చేసుకునేది, దానికి ఆ తెలివి ఉంది. నేను తల తిప్పి కిటికీలోంచి పంపు దగ్గర గిన్నెలు తోమేవాళ్లను చూశాను.

మొదటి దెబ్బకు ఏమీ కాలేదు. రెండోది గట్టిగా కొట్టింది. దిమ్మె నాలుగు పెళ్లలైంది, ఒకటి ఎగిరి బొటనవేలు కోసింది. పిల్లలు పడీపడీ నవ్వారు. సారు కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. ఏం రాశాడో మా ఇద్దరికీ తెలుసు.

తిరుగు బస్సు ఎర్రగొండపాలెం చేరినాక అది అడిగింది.

“రాయి ఎండిపోయిందని నీకు తెలుసా?”

“బల్ల మీద పెట్టినప్పుడే తెలుసు.”

“మరెందుకు చెప్పలా?”

“పనామెను గదా. నా నోరు నువ్వే కోసేసినావు.”

“నా ఏడాది పోయింది అవ్వా.”

“పోనీ” అన్నాను. ఆ మాట అన్నందుకు అప్పుడు నా మనసుకు చల్లగా ఉండింది.

అది వేలికి చుట్టిన రుమాలు సర్దుకుని ఫోను తీసింది. నా ముందు పెట్టి ఒక వీడియో ఆడించింది. ఆ చీర, నా మొహం, నా గొంతు, అంతా ఉంది. చెవి పెట్టి వినమని నేను చెప్తుంటే వెనక అది నవ్వడం కూడా వినపడుతోంది. పని చేస్తూ నేను ఉన్న బొమ్మ ఈ లోకంలో అదొక్కటే.

“బడికని కోసింది వేరే. నీకిద్దామని ఇది మొత్తం దాచినా” అంది.

నేను ఇంకా చూస్తూనే ఉన్నాను. అది ఒక్క వేలు ఆనించి దాన్ని చెరిపేసింది. తెర నల్లబడింది.

మరుసటి ఏడాది మళ్లీ అదే పాఠం చెప్పి గట్టెక్కింది. ఈసారి నెట్‌లో దొరికిన వీడియో చూపించిందని కోడలు చెప్పింది. ఏ దేశం వాడో, చేతులకు తొడుగులు వేసుకుని రాయి చీలుస్తాడట. వాడు ఉలి ఎట్లా పట్టుకున్నాడో అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేదు. మా పిల్ల తానుగా చెప్పలేదు.