రెండో ముద్దకు తేలిన ఫ్లక్చువేషన్

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి, చెప్తాను. ఆ రోజుల్లో, నేను కోడుమూరు పక్క పల్లెకు కొత్త కోడలిగా వచ్చిన ఏడు, మా చేలో కరెంటుకు నిలకడ ఉండేది కాదు. మోటారు గదిలో బల్బు వేలాడదీసి, దాని వెలుగు కుదురుగా ఉంటేనే మోటారు వేయడం అందరి అలవాటు. మామ ఆత్రగాడు. వెలుగు ఊగుతుండగానే మీట నొక్కి రెండుసార్లు మోటారు కాల్చుకున్నాడు. అప్పుడే ఉల్లిగడ్డ ఊరుతోంది. "ఇంకోసారి కాలితే పైరు గొర్లకు వదిలేస్తా" అనేశాడు.

పక్కింటి ఇంగ్లీషు టీచరమ్మను అడిగితే, ఇట్లా ఎగుడుదిగుడుగా ఊగడాన్ని ఫ్లక్చువేషన్ అంటారంది. లాటిన్ అనే పాత భాషలో 'అల' అనే మాట నుంచి పుట్టిందట. (అలను నేను చూసింది సినిమాలోనే. మా వంక పారేదే ఏడాదికి నాలుగు రోజులు.) ఐదో తరగతి చదువు నాది. బర్రె పాలు పిండుతూ కూడా ఆ మాటే వల్లించాను.

మా అర్జీ చూసి కరెంటాఫీసు సారు వచ్చాడు. తీగలకు మీటరు తగిలించి, "వోల్టేజీ బాగానే ఉండాది. మీ మోటారే ముసలిదైంది పెద్దాయనా" అని బండి వైపు తిరిగాడు. మామ ముఖం వాడిపోయింది. నేను ముందుకొచ్చి, "ఫ్లక్చువేషన్ అంటే అలప్పా" అన్నాను. (అత్త నా కొంగు లాగింది.) "అల ఎప్పుడూ పైనే ఉండదు కదా సార్. రవ్వంతసేపు కూసోండి, కిందికి దిగేది మీకే కనపడతాది. అంతలోకి ఒక ముద్ద తిందురు."

పగటన్నం వేళ వచ్చిన మనిషి తినకుండా పోవడం మా వైపు లేదు. ఆయనా ఈ సీమవాడే, కాదనలేక బల్బు కిందే కూర్చున్నాడు. పొగలు కక్కే రాగి సంగటిని తొందరగా తినడం ఎవరి తరమూ కాదు. మొదటి ముద్ద అయిపోయినా బల్బు కదల్లేదు. అడగకుండానే రెండోది వేశాను. అది సగమయ్యేసరికి బల్బు ఎర్రబడింది, మళ్లీ వెలిగింది, మళ్లీ కుంగింది. సారు చేతిలో సంగటి చేతిలోనే ఉండగా మీటరు వైపు చూసి, "నిజమేనమ్మా, అలే ఇది" అన్నాడు.

"ఇంకో ముద్ద తింటా ఇంకాసేపు చూడండి సార్" అన్నాడు మామ.

"వద్దప్పా, ఈడనే రాసిస్తా."

వారంలో కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. ఉల్లిగడ్డలు పిడికిలంత ఊరాయి. ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. అత్త కోపమూ ఫ్లక్చువేషనే, బర్రె పాలూ ఫ్లక్చువేషనే. "ఆ టీచరమ్మ యాడికన్నా బదిలీ అయితే బాగుండు" అనేది అత్త. ఒక్క మాట దొరికితే ఊరంతా గెలిచినట్టు తిరిగిన ఆ పిల్ల తలపుకొస్తే, ఇప్పటికీ నవ్వొస్తుంది. అంత ధైర్యం దానికి యాడ దొరికిందో, ఈ వయసులో నాకైతే లేదు. ఓపిగ్గా విన్న మీ ఇల్లు చల్లగుండాలి, మీ బిడ్డలు పచ్చగా ఎదగాలి.