ఆమేన్ పలకని యుద్ధకథ

1944లో మేడ్చల్ మిషన్ బడిలో మాకు ఇంగ్లీషు చెప్పింది పరంజ్యోతి టీచరమ్మ. ఆ ఏడాది పాఠానికి ఒక యుద్ధ పుస్తకం ఎంచాలి. హెడ్‌మాస్టరు సాలోమోను గారు విజయగాథ కావాలన్నారు. తమ్ముణ్ణి బర్మా యుద్ధానికి పంపిన టీచరమ్మ, భయపడే సిపాయి కథే కావాలని పట్టుబట్టింది. చివరికి రెండూ మాకే చదివి వినిపించి, మాకు నచ్చినదే ఎంచుదామనుకున్నారు.

హెడ్‌మాస్టరు చదువుతుంటే బడి పక్క స్టేషన్లో రైలు కూడా కదలక విన్నది, ఒట్టు! ఆయన ఆపగానే ప్రార్థన అలవాటుకొద్దీ "ఆమేన్!" అని అరిచి లేచాం.

"సూశినవా అమ్మా, ఎంత సంబురమో!" అన్నారాయన.

తర్వాత టీచరమ్మ చదివిన కథలో సిపాయి భయపడుతూ గుండ్లవానలో వాగు దాటుతున్నాడు. అక్కడే ఆమె ఆపింది. ఎవ్వరూ ఆమేన్ అనలేదు, లేవలేదు.

"ఒడ్డుకు చేరిండా టీచరమ్మా?" అని నా పక్కనున్న బాలమల్లు అరిచాడు.

"రేపు చెప్త."

"రేపేంది?" హెడ్‌మాస్టరే మా బెంచీ మీద కూలబడ్డారు. "జల్దీ సదువమ్మా! ఇగ గీ పుస్తకమే!"